దుప్పటి ఎవరి భుజాన?

మా బస్తీ వినాయకుడి లారీ మీద దేవుడి కన్నా ఎత్తులో ఒక మనిషి నిలబడేవాడు. ఆయన మా మామ, నా పెనిమిటి తండ్రి. నిమజ్జనం రోజు పక్క బస్తీల లారీల మీద రాముళ్ళు, భీములు, నారదులు వేషాలు కట్టి నిలబడితే, మా లారీ క్యాబిన్ మీద దుప్పటి దొర నిలబడేవాడు.

దుప్పటి దొరను పురాణాల్లో వెతకకండి, దొరకడు. ఆయన బొమ్మల పుస్తకంలో మనిషి. మామ పెళ్ళికి ముందెప్పుడో ఫుట్‌పాత్ మీద కొన్న పాత బొమ్మల కథ అది. అందులో గుర్రాలకు గడ్డి వేసే ఒక మామూలు మనిషికి ఒక ముసలి మాంత్రికుడు చచ్చిపోతూ ఎర్ర దుప్పటి ఇస్తాడు. అది భుజాన వేసుకుని మంత్రం చదివితే గాలిలోకి లేవచ్చు. దులిపితే ఆకలిగొన్న ఊరికి అన్నం రాలుతుంది. మామ బహదూర్‌పురా జూలో ఏనుగులకు మేత వేసే ఉద్యోగి. గడ్డి వేసేవాడికి కూడా ఒక రోజు దుప్పటి దొరకవచ్చు అన్న సంగతి ఆయనకు ఎంత నచ్చిందంటే, బస్తీలో మొదటి వినాయకుడిని పెట్టిన ఏడే ఆ వేషం కట్టేశాడు. పుస్తకంలో ఆ దొరకు ఏదో బారెడు పేరు ఉండేదట. మా బస్తీ నాలుకలకు అది తిరగలేదు. దుప్పటి దొర అన్నాం, అదే నిలిచింది.

నేను కోడలిగా వచ్చిన ఏడు మొదటిసారి చూశాను. లారీ నాలుగు బాటల దగ్గర ఆగింది. డప్పులు ఆగాయి. మామ క్యాబిన్ మీద రెండు కాళ్ళు ఎడంగా పెట్టి, ఛాతీ విరిచి, "గాలీ, పక్కకు జరుగు! దుప్పటీ, లే!" అని అరిచి గిర్రున తిరిగాడు. ఎర్ర దుప్పటి గొడుగులా విచ్చుకుంది. దాని అంచుల నుంచి జలజలా పిప్పరమెంట్లు రాలాయి. పిల్లలు, పెద్దలు, పోలీసాయన, సైకిల్ దిగని పాలవాడు, అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను కొత్త కోడలిని. తల మీద కొంగు, చేతిలో హారతి పళ్ళెం. నా కాళ్ళు మాత్రం నా మాట వినలేదు. అవి ఆ లారీ ఎక్కాలనుకున్నాయి. ఆ రోజు నుంచి నాకు ఒకటే పిచ్చి. ఆ దుప్పటి ఒక్కసారి నా భుజాల మీద తిరగాలి.

ఎవరితోనూ అనలేదు. నేను నోరు మూసుకుని కూర్చున్న సంగతి నా జన్మలో అదొక్కటే. ఆడవాళ్ళు లారీ ఎక్కరు. లారీ వెనక హారతి పట్టుకుని బాట మలుపు దాకా నడుస్తారు, అక్కడ కొబ్బరికాయ కొట్టి ఇంటికొచ్చి అన్నం వండుతారు. అంతే.

కానీ దుప్పటి దగ్గరకు నాకు వేరే దారి దొరికింది. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల సేటు కొట్టు వెనక నేను కాగితం సంచులు అంటించే పని చేసేదాన్ని. పాత కాగితం మడిచి, మైదా జిగురు రాసి, అడుగు మూసి ఆరబెట్టడం. పాత దుప్పటి ఒక ఏడు టపాకాయ పడి కాలిపోతే, కొత్తది కుట్టే పని మామ నాకే ఇచ్చాడు. అంతకు ముందు పిప్పరమెంట్లు గుడ్డ జేబుల్లో పెట్టేవాడు, సగం రాలేవి, సగం లోపలే ఇరుక్కునేవి. నేను గుడ్డ జేబులు తీసేసి దుప్పటి లోపలి అంచుకు, లారీ ఆగే ఒక్కో చోటికి ఒక్కో వరస చొప్పున, కాగితం సంచులు కుట్టాను. సంచి అడుగు పలచటి జిగురుతో మూసి, ఒక్కో వరస గుండా ఒక్కో దారం పోనిచ్చాను. దారం లాగితే ఆ వరస అడుగులన్నీ ఒక్కసారే విచ్చుకుంటాయి. మొదటిసారి లాగినప్పుడు మామ నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"బిడ్డా, ఇది గారడీ కాదే, నిజంగనే మాయ!" అన్నాడు.

ఏటా ఆ సంచులు నేనే మార్చేదాన్ని. తలుపు గడియ వేసుకుని దుప్పటి భుజాన వేసుకుని చూసుకునేదాన్ని కూడా. ఇల్లు చిన్నది, గిర్రున తిరిగితే కుండలు పడేవి. అత్త బయటి నుంచి "లోపల పిల్లి జొచ్చిందానే?" అని అరిచేది.

అట్లా పదేళ్ళకు పైగా గడిచాయి. డెబ్బైలు ముగింపుకొచ్చాయి. ఒక వానకాలం మామ మోకాలు వాచి కూర్చున్నాడు. ఏనుగు దగ్గరకు పోవడానికే కర్ర కావాలి, ఇక లారీ ఎక్కడమేమిటి. వినాయక చవితికి ముందు, పందిరి కట్టే వెదురు బొంగులు ఇంకా నేల మీదే ఉన్నప్పుడు, ఆయన బస్తీ వాళ్ళందరినీ అక్కడికి పిలిచాడు. దుప్పటి మడిచి ఒడిలో పెట్టుకున్నాడు. పసిపిల్లను పెట్టుకున్నట్టే ఉంది.

"ఈ ఏడు నేను ఎక్కను. దుప్పటి ఎవరికి ఇయ్యాల్నో మీరే చెప్పుండ్రి" అన్నాడు.

ఇక చూడండి లొల్లి.

మొదట అత్త లేచింది. "చెప్పుడేంది? నా కొడుకు ఉన్నడు గద! అయ్యది కొడుక్కి రాక పక్కింటోనికి పోతదా?"

ఆ కొడుకు మా ఆయన. బస్సుల డిపోలో మెకానిక్. బస్సు కింద పడుకోమంటే రోజంతా పడుకుంటాడు, బస్సు పైకెక్కమంటే ముఖం తెల్లబడుతుంది. ఇంటి కప్పు మీద పెంకు మార్చడానికి కూడా నేనే ఎక్కేదాన్ని. అత్త మాట విని ఆయన నా వెనక్కి జరిగాడు.

అప్పుడు సేటు గొంతు సవరించుకున్నాడు. మా మిరపకాయల సేటే. ఆయన ఇల్లు మా బస్తీ మొదట్లోనే ఉంది, తాతల నాటి మేడ. "లారీ నాది, డ్రైవర్ నావోడు. మా బామ్మర్ది దేనికి పనికి రాడు? పొడుగున్నడు, తెల్లగున్నడు, జుట్టున్నది."

జుట్టు నిజమే. ఆ బామ్మర్ది జుట్టు సినిమా పోస్టర్ మీది జుట్టులా ఉండేది, దాన్ని దువ్వుకోవడమే ఆయన ఉద్యోగం. అప్పుడు కూడా దువ్వుకుంటున్నాడు.

తాలీంఖానా పహిల్వాన్ భాయ్ అక్కడే వెదురు బొంగు మీద కూర్చున్నాడు. కుస్తీ నేర్పే మనిషి, మామకు పాత దోస్తు. మా లారీ ముందు ఏటా జనాన్ని పక్కకు జరిపేది ఆయనా, ఆయన శిష్యులే. ఆయన చెయ్యి ఎత్తాడు.

"అరే భాయ్, గిదేం లొల్లి? మా తాలీంల అయ్య, కొడుకు, సాలా, ఇవన్ని నై చల్తా. ఉస్తాద్ ముసలోడు అయితడు. షాగిర్ద్‌లు, అంటె శిష్యులు, అందరు కుస్తీ అఖాడాల దిగుతరు. ఎవడు ఉస్తాద్‌ను మట్టి కరిపిస్తడో వానికి ఉస్తాద్ తన చేతులతో పగిడి కట్టిస్తడు. ఖతం."

"మా ఆయన మోకాలు జూడు! ఇంక మట్టి ఏం కరిపిస్తరు? పండుకున్నోన్ని ఇంక పండుకోబెడ్తరా?" అంది అత్త.

అందరూ నవ్వారు. మామ నవ్వలేదు. దుప్పటి మడత మీద చెయ్యి రుద్దుతూ, "నా దోస్తు మాట కాదు, సేటు మాట కాదు, నా పెండ్లాం మాట కూడ కాదు. పుస్తకం ఏం చెప్పింది? మాంత్రికుడు దుప్పటి ఇచ్చేటప్పుడు ఒకటే అడిగిండు. గుండె సాఫ్ ఉన్నదా అని. గుండెల మరక లేనోనికి ఇచ్చిండు. మన బస్తీల ఎవరి గుండె సాఫ్ ఉన్నదో చెప్పుండ్రి, వానికి ఇస్త" అన్నాడు.

అంత తెలివైన మనిషి అంత తెలివి తక్కువ ప్రశ్న ఎందుకు వేశాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకే నల్లా దగ్గర నీళ్ళు పట్టుకునే బస్తీలో, ఎవరి గుండె సాఫ్ అని అడగవచ్చునా?

అత్త మళ్ళీ మొదలుపెట్టింది. "నా కొడుకు గుండె పాల లెక్క..."

"ఏం పాలు?" పక్కింటి ఆమె లేచింది. "మొన్న నల్లా కాడ నా బిందె జరిపి తన బిందె పెట్టింది ఎవలు? నీ పాలే గద!"

"అది నా బిందె అనుకున్న అక్కా!" అన్నాడు మా ఆయన నా వెనక నుంచి.

"నీ బిందెకు సొట్ట ఉన్నది, నాదానికి లేదు. బస్సుకు సొట్ట ఉంటె కనవడ్తది గని బిందెకు ఉంటె కనవడదా?"

"సరే, నా బామ్మర్ది..." అన్నాడు సేటు.

సగం బస్తీ ఒక్క గొంతుతో కూసింది. "తూకం! తూకం!" కాటా మీద మిరపకాయలు పెట్టినప్పుడల్లా ఆ బామ్మర్ది బొటనవేలు కూడా పళ్ళెంలో కూర్చునేదని బస్తీలో తెలియనిది ఎవరికి? సేటు ముఖం ఆయన మిరపకాయల రంగుకొచ్చింది. "వాని వేలు పొడుగు! వాడేం జేస్తడు?" అన్నాడు. నేను చెబుతున్నాను, ఆ మాటకు ఒకాయన నవ్వలేక వెదురు బొంగుల మీద పడ్డాడు, బొంగులు దొర్లాయి, ఆయన కూడా దొర్లాడు.

ఇక ఆగలేదు. ఒకాయన ఇంకొకాయన పెరటి కోడిని బిర్యానీ చేసుకుని, ఆ కోడి యజమానినే విందుకు పిలిచాడని బయటపడింది. పిలిపించుకుని తిన్నాయన, "అందుకే నాకు గంత రుచి అనిపిచ్చింది!" అని తలపట్టుకున్నాడు. పోయిన ఏడు పూజ కాకముందే దేవుడి చేతిలో లడ్డూ ఎవరు కొరికారన్నది లేచింది. అందరూ పూజారి అయ్యగారి వైపు తిరిగారు. అయ్యగారు, "నన్ను చూస్తరేంది? ఎలుక కొరికింది. ఆయన వాహనమే గద, హక్కు ఉన్నది" అన్నాడు. పహిల్వాన్ భాయ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఎవరూ అడగకుండానే, "నాది కూడ సాఫ్ లేదు భాయ్. గెలిచిన కుస్తీలల్ల ఒకదాంట్ల ఎదుటోని లంగోట్ పట్టి గుంజిన" అన్నాడు.

అక్కడ సాఫ్ గుండె ఒక్కటీ మిగలలేదు. మామ దుప్పటి చంకన పెట్టుకుని లేచాడు. "గుండెల సంగతి దేవుడు జూస్తడు. రేపు పొద్దున లారీ తెప్పించు సేటూ. ఎవనికి కావాల్నో వాడు ఎక్కి ఒక్కసారి చేసి చూపించుండ్రి" అన్నాడు.

అప్పుడే నేను చెయ్యి ఎత్తి ఉండాల్సింది. ఎత్తలేదు. మా అత్త నా పక్కనే ఉంది. నా నోట్లో మాట నిండుగా ఉంది, మింగేశాను. ఇంటికొచ్చి దుప్పటికి కొత్త సంచులు కుట్టి, పిప్పరమెంట్లు నింపాను. ఎవరో ఎక్కడానికి నేను నింపడమేమిటని కోపం. కోపంలో పని ఇంకా బాగా వస్తుంది, అదొక దరిద్రం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సంచులకు వాడే జిగురులో మేము మైలుతుత్తం కలుపుతాం. అది విషం, పురుగు, చీమ దగ్గరికి రావు. పిల్లలు తినే పిప్పరమెంట్లు కాబట్టి దుప్పటి సంచులకు మాత్రం తుత్తం లేకుండా వట్టి మైదా జిగురే రాసేదాన్ని. ఏటా నిమజ్జనం పొద్దునే నింపి మధ్యాహ్నానికి ఖాళీ చేసేవాళ్ళం. ఈసారి ముందు రోజే నింపి గోడ మేకుకు తగిలించాను. మైదా, చక్కెర, వానకాలం. మా గోడలో ఎర్ర చీమలు ఉండేవి.

పొద్దున, రాత్రికి రాత్రి లేపిన పందిరి ముందు లారీ నిలబడింది. డ్రైవర్ లోపల కాళ్ళు చాపి కునుకు తీస్తున్నాడు. సేటు బామ్మర్ది కొత్త చొక్కా వేసుకుని, జుట్టు ఇంకోసారి దువ్వుకుని, నిచ్చెన మీదుగా క్యాబిన్ ఎక్కాడు. దుప్పటి భుజాన వేసుకున్నాడు. నిజం చెప్పాలి, చూడటానికి బాగున్నాడు. మా అత్త ముఖం కూడా చిన్నబోయింది.

"గాలీ..." అన్నాడు. ఆగాడు. మెడ గోక్కున్నాడు. "గాలీ, పక్కకు..." ఈసారి చంక గోక్కున్నాడు. తర్వాత ఇక మంత్రం లేదు. "అబ్బా! అమ్మా! సచ్చిన్రా!" అని దుప్పటితో పాటు గంతులు. కింద జనానికి అది చీమలని తెలియదు.

"అరే వా! ఏం ఆడుతుండు!" అన్నారు ఎవరో. డప్పులవాళ్ళు ఉత్సాహం పట్టలేక తీన్‌మార్ ఎత్తుకున్నారు. డప్పు ఎంత జోరైతే చీమలు అంత జోరు, చీమలు ఎంత జోరైతే ఆయన ఆట అంత జోరు. బస్తీ మొత్తం ఈలలు. సేటు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, "మా బామ్మర్దిల గింత కళ ఉన్నదని నాకే తెల్వదు!" అని. చివరికి ఆయన దుప్పటి విసిరేసి, చొక్కా విసిరేసి, నిచ్చెన లేకుండానే దూకి, ఇంటి వైపు పరుగెత్తాడు. మళ్ళీ నిమజ్జనం అయ్యేదాకా మాకు కనబడలేదు. జుట్టు కూడా చెదిరిందట.

మేము దుప్పటిని కర్రలతో కొట్టి, దులిపి, ఎండలో పరిచి, చీమలు పట్టిన సంచులు పీకి వేరేవి కుట్టి, కొత్త పిప్పరమెంట్లు నింపాం. కిందపడ్డ పిప్పరమెంట్లు కోళ్ళు తిన్నాయి.

"ఇగ నా కొడుకు!" అంది అత్త.

మా ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తు. కసాయి దుకాణం ముందు మేక చూసే చూపు. "ఏమే, నువ్వన్న చెప్పవే" అన్నాడు మెల్లగా. నేను చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా పహిల్వాన్ భాయ్, "డరో మత్ బేటా!" అని ఆయన్ని నడుము దగ్గర పట్టుకుని, గోధుమ బస్తాను ఎత్తినట్టు ఎత్తి క్యాబిన్ మీద పెట్టేశాడు. నిచ్చెన కూడా అవసరం రాలేదు.

పైన మా ఆయన నిలబడలేదు. కూర్చున్నాడు. దుప్పటి తల మీద కప్పుకున్నాడు. కింద నుంచి చూస్తే ఎర్ర మూట.

"లెవ్వు కొడుకా!"

"లేస్త, లేస్త."

"మంత్రం జెప్పురా!"

ఎర్ర మూట లోపల నుంచి ఏమీ వినబడలేదు. మంత్రం మరిచిపోయాడు. పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్న మంత్రం, ఆ ఎత్తులో బుర్రలో నుంచి జారిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా. పొద్దస్తమానం డిపోలో ఏది వింటాడో అదే నోటికొచ్చింది. క్యాబిన్ రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్, రైట్!" అన్నాడు.

లోపల కునుకు తీస్తున్న డ్రైవర్ ఉలిక్కిపడి లేచి లారీ తీశాడు.

నేను మాటల్లో చెప్పలేను. పందిరి గుంజకు కట్టిన రంగు కాగితాల దండ లారీతో పాటు లేచిపోయింది. పైన మూటకు కాళ్ళు, చేతులు మొలిచాయి. "ఆపు! ఆపు!" అని ఆయన రేకు మీద దబదబా బాదుతున్నాడు. డ్రైవర్ అదీ "రైట్" అనుకుని ఇంకా జోరు పెంచాడు. వెనక అత్త, అత్త వెనక డప్పులవాళ్ళు, వాళ్ళు ఎందుకో డప్పు కూడా ఆపలేదు. వాళ్ళ వెనక అయ్యగారు, పహిల్వాన్ భాయ్, కర్ర పట్టుకుని మామ. అందరి ముందు నేను.

గోచి పోసి కట్టిన చీర ఎంత గొప్పదో ఆ రోజు తెలిసింది. జూ గేటు వైపు మలుపులో లారీ కొంచెం నెమ్మదించింది. వెనక గొలుసు పట్టుకుని ఎగిరాను. ఖాళీ లారీలో పరుగెత్తి క్యాబిన్ మీదికి పాకాను. మా ఆయన నా కాలు రెండు చేతులా పట్టుకున్నాడు. "నువ్వొచ్చినవా!" అన్నాడు, ముఖం పున్నమి చంద్రుడిలా వెలిగింది. పెళ్ళిలో కూడా నన్ను చూసి అంత సంతోషపడలేదు.

"కాలు ఇడువు!"

"ఇడువ!"

"అయితె దుప్పటి ఇడువు!"

అది మాత్రం వెంటనే వదిలేశాడు.

దుప్పటి నా చేతికొచ్చింది. చెప్పేదేముంది. వేసుకున్నాను. గాలి ఎదురు కొట్టింది, దుప్పటి వెనక్కి లేచింది, ఇంట్లో కుండలకు భయపడుతూ తిరిగిన దుప్పటి కాదది. నా గొంతు ఉస్మాన్‌గంజ్‌లో లారీల హారన్ల మీద నుంచి మాట్లాడీ మాట్లాడీ తయారైన గొంతు. "గాలీ, పక్కకు జరుగు!" అని అరిస్తే గాలి ఏమోగానీ డ్రైవర్ జరిగాడు. బ్రేకు వేశాడు. లారీ జూ గేటు ముందు ఆగింది. లోపల సింహం ఒకటి గుర్రుమంది. "దుప్పటీ, లే!" అని దారం లాగి తిరిగాను. ఒక కాలు మా ఆయన చేతిలో ఉంది కాబట్టి సగమే తిరిగాను. ఆ సగానికే పిప్పరమెంట్లు టికెట్ల వరస మీద కురిశాయి. ఎక్కడి నుంచో జంతువులను చూడటానికి వచ్చినవాళ్ళు, జంతువులను మరిచిపోయి మమ్మల్ని చూశారు.

మామ కుంటుతూ వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు. ఆయాసం తీర్చుకుని, పైకి చూసి, "బిడ్డా, పైన ఎట్లున్నది?" అన్నాడు.

"ఏమో మామా, నీ కొడుకు కాలు ఇడువక నేను కిందికే చూస్తున్న."

మామ నవ్వాడు. కానీ సేటు నవ్వలేదు. ఆయన రిక్షాలో వచ్చాడు. "నవ్వుడు కాదు. ఆడమనిషి లారీ ఎక్కుడేంది? నాలుగు బస్తీలోళ్ళు చూస్తరు. మన ఇజ్జత్ ఏం గావాలె?"

ఇక మింగలేదు. గొంతులో పదేళ్ళుగా ఇరుక్కున్నది బయటికొచ్చింది. "నాకు కావాలె ఆ దుప్పటి" అన్నాను పైనుంచే. "మొదటిరోజు నుంచి కావాలె. కుట్టింది నేను, నింపింది నేను, ఇంట్ల తలుపేసుకుని తిరిగింది నేను. ఇయ్యకుంటె ఇయ్యకుండ్రి, గని నాకు వద్దని మాత్రం నేను చెప్ప."

మామ ముఖం చూస్తే ఇద్దామని ఉంది, బస్తీ ఏమంటుందోనని కూడా ఉంది. అందరూ మా అత్త వైపు చూశారు. ఎందుకంటే కోడలు ఇట్లాంటి మాట అంటే అత్త చేసే పని ఒకటి ఉంటుంది, అది చూడాలని అందరికీ సరదా.

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. పరుగెత్తి పరుగెత్తి ఎర్రబడిపోయింది. "అంటే తలుపేసుకుని తిరిగిన పిల్లి నువ్వేనా?" అంది.

"నేనే."

"నా కుండ పలగొట్టింది?"

"నేనే."

అత్త సేటు వైపు తిరిగింది. "ఇన్నవా? గిది నా కోడలు. నా పప్పుల ఉప్పెక్కువైతె నా మొకం మీదనే చెప్తది. మా అన్న చచ్చిపోతె అందరు మంచోడన్నరు, ఇదొక్కతి తాగుబోతు అన్నది. దీనంత పాడు నోరు ఈ బస్తీల ఇంకోటి లేదు. నిన్న గుండె సాఫ్ ఉన్నోడు ఎవడని లొల్లి చేస్తిరి గద? లోపల ఉన్నదంత బయట కక్కినంక, ఇంక దీని గుండెల మరక యాడ ఉంటది?"

ఇట్లాంటి పొగడ్త నాకు మళ్ళీ ఎవరూ చేయలేదు. పహిల్వాన్ భాయ్ తొడ చరిచాడు. "క్యా బాత్ హై బెహన్! పాస్!"

సేటు ఇంకా ఒక మెట్టు దిగలేదు. "సరే, ఎక్కనీయ్. గని మీసం అంటించుండ్రి. దూరం నుంచి మొగోడే అనుకుంటరు."

"మీసం పెడ్తె అబద్ధం అయితది" అంది అత్త. "అబద్ధం పెట్టుకుంటె గుండె సాఫ్ ఎట్లయితది సేటూ? లెక్కలు జేస్తవు, గింత లెక్క రాదా?"

పగిడి కట్టినట్టే కట్టాలన్నాడు పహిల్వాన్ భాయ్. మామ లారీ దగ్గరికొచ్చి దుప్పటి దింపమన్నాడు, నేను దిగాను, మా ఆయన్ని కూడా దింపాం. జూ గేటు ముందే, టికెట్ల వరస చూస్తుండగా, మామ దుప్పటి దులిపి నా భుజాల మీద కప్పి ముడివేశాడు. ముడి రెండుసార్లు జారింది. మామ కళ్ళు తుడుచుకున్నాడు, చీమ కుట్టిందన్నాడు. అది నిజమే కూడా కావచ్చు.

నిమజ్జనం రోజు ఎక్కాను. మీసం లేదు, తల మీద కొంగు లేదు. మా ఆయన కింద లారీ పక్కన నడుస్తూ డ్రైవర్‌కు ఎప్పుడు ఆపాలో ఎప్పుడు తీయాలో చెప్పాడు, "రైట్, రైట్" అనడంలో ఆయన్ను మించినవాడు లేడు. మొదటి బాట దగ్గర ఎవరో, "అరే, ఆడమనిషి రా!" అన్నారు. ఇంకొకరు, "అయితె ఏంది, పిప్పరమెంట్లు మొగయా?" అన్నారు. అంతటితో ఆ సంగతి అయిపోయింది. పిప్పరమెంట్లు నోట్లో ఉన్నవాడు ఎక్కువ వాదించలేడు.

పాతబస్తీ ఇరుకు వీధిలోకి లారీ తిరిగింది. అక్కడ ఇళ్ళు రోడ్డుకు ఆనుకుని పైకి లేస్తాయి. మామూలు రోజుల్లో పనికి పోతూ నేను కింద నడిచిన వీధే. కింద నుంచి చూస్తే ఆ పై కిటికీలకు వెదురు తెరలు వేలాడుతుంటాయి, ఇళ్ళలో ఎవరూ లేరేమో అనిపించేది. లారీ క్యాబిన్ మీద నిలబడితే నా తల సరిగ్గా ఆ కిటికీల ఎత్తుకు వచ్చింది. తెరల వెనక అంతా ఆడవాళ్ళే. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, చేతిలో గరిట పట్టుకున్నవాళ్ళు, బుర్ఖా వేసుకున్నవాళ్ళు, బొట్టు పెట్టుకున్నవాళ్ళు, చంకన పిల్లలతో ఉన్నవాళ్ళు. ఎన్ని ఊరేగింపులు చూశారో అక్కడి నుంచి. మామ దుప్పటి ఎప్పుడూ కిందికే దులిపేవాడు. వీళ్ళ దాకా ఒక్క పిప్పరమెంటు కూడా ఎన్నడూ పోలేదు.

ఒక తెర రవ్వంత పక్కకు జరిగింది. ఒకామె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, మళ్ళీ కింది నుంచి పైదాకా చూసింది, వెనక్కి తిరిగి, ఆడమనిషి అని లోపల వాళ్ళమ్మకు అరిచి చెప్పింది. "అమ్మీ! జల్దీ ఆవో! ఔరత్ హై!"

పక్క కిటికీ తెర లేచింది. దాని పక్కది లేచింది. వీధి రెండు వైపులా తెరలు ఒకటొకటిగా, తర్వాత గుంపుగా లేచాయి. చేతులు బయటికొచ్చాయి, గాజులు మోగాయి. కింద జనం "ఇటు! ఇటు!" అని అరుస్తున్నారు. నేను కిందికి చూడలేదు. దుప్పటి అంచు భుజం ఎత్తుకు పట్టుకుని, దారం పంటితో పట్టి, ఈసారి రెండు కాళ్ళ మీద నిండుగా తిరిగాను. పిప్పరమెంట్లు రోడ్డు మీదికి కాదు, నేరుగా ఆ కిటికీల్లోకి పోయాయి.

"ఔర్ ఏక్! ఇంకొక్కసారి!" అని అరిచారు కిటికీల నుంచి.